సూదమ్మ కొత్త కన్ను

కోటులో దూర్చిన చెయ్యి మోచేయి దాకా వెళ్లి ఆగిపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు.

"చూడండి, అందరూ వచ్చి చూడండి," అన్నాడు కండక్టరు, ఆ చేతిని నడి హాల్లో పైకెత్తి. ఉద్యోగం నుంచి రిటైరై ఏళ్లయినా ఆయన గొంతు మాత్రం ఇంకా నిండు బస్సులోనే ఉంది. "చిల్లు పూడ్చమని ఇస్తే, చెయ్యి దూరే దారే పూడ్చేసింది."

అందరూ అంటే ఇంట్లో ఉన్నది ఇద్దరే. కిటికీ పక్క కుర్చీలో ఆయన భార్య, వంటగది గుమ్మంలో కోడలు. కొడుకు ఇలాంటి సమయాల్లో ఇంట్లో ఉండడు. ఆ తెలివి అతనికి పుట్టుకతోనే వచ్చింది.

కుర్చీలో ఉన్నావిడ అసలు పేరు వీధిలో ఎవరికీ తెలియదు. అందరికీ ఆమె సూదమ్మ. బట్ట చిరిగితే, ఆ బట్ట లోపలి మడతలోంచే పోగులు తీసి, చిరిగిన చోట మళ్లీ నేసినట్టు కుట్టడం ఆమె పని. రఫూ పనిలో ఆమెకు సాటి ఎవరూ లేరని ఆమె శత్రువులు కూడా ఒప్పుకుంటారు. ఆమెకు శత్రువులంటే కొత్త బట్టలు అమ్మేవాళ్లే.

అలాంటి మనిషి నిన్న బ్యాండు మాస్టారి నీలం కోటు మోచేతి దగ్గర పైబట్టనూ లోపలి లైనింగునూ, చేతి అవతలి వైపునూ కలిపి కుట్టేసింది. పని నేర్చుకునే పిల్లలు కూడా చేయని తప్పు. కుడి కంటికి శుక్లం తీసి కొత్త లెన్సు వేశాక, ఇక పని చేసుకోవచ్చని డాక్టరమ్మ అన్నాక, ఆమె పట్టిన మొదటి పని అది. ఈ పొద్దున కండక్టరు సరదాగా కోటు తొడుక్కోబోయేదాకా సంగతి బయటపడలేదు.

"ఒక్క కన్నుకే ఇంత వైభవం. రేపు రెండోది కూడా చేయిస్తే మాస్టారి రెండు చేతులూ కుట్టేస్తుంది. ఆయన బ్యాండు ముందు నిలబడి తల ఊపుకోవాల్సిందే."

"కొత్త లెన్సుకి అలవాటు పడటానికి టైం పడుతుందని డాక్టరమ్మ చెప్పింది కదా మామయ్యా," అంది కోడలు.

"నువ్వు మాట్లాడకమ్మాయ్. ఆ మూడు దూరాల లెన్సు సలహా నీదే. దూరం కనిపిస్తుంది, మధ్యలో కనిపిస్తుంది, దగ్గర కనిపిస్తుంది, కళ్లజోడే అక్కర్లేదు అన్నావు. చివరికి ఏం కనిపించింది? వీధి దీపం చుట్టూ ఉంగరాలు కనిపించాయి. మీ అత్తయ్యకి ఉంగరాలు కావాలంటే నేను కొనిపెట్టేవాణ్ణి."

"ఇన్నేళ్లలో ఎన్ని కొన్నారేంటి?" అందామనుకుంది కోడలు. అనలేదు. మందుల షాపులో పనిచేసే మనిషి, ఏ మందు ఎప్పుడు వేయకూడదో తెలుసు.

సూదమ్మ మాట్లాడలేదు. ఆమెకు కోపం వస్తే అరుస్తుంది, బాధ వస్తే ఊరుకుంటుంది. ఇంట్లోవాళ్లు అరుపుకు అలవాటు పడ్డారు గాని, ఈ రెండో దానితో ఎలా వేగాలో ఎవరికీ తెలియదు.

"మధ్యాహ్నం జిరాక్స్ అతను కొట్టు తాళంచెవికి వస్తాడు. ఇచ్చేద్దాం," అన్నాడు కండక్టరు, కాస్త గొంతు తగ్గించి.

ఆ మాటకు ఆమె తల ఎత్తింది. "ఇస్తానని ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పాను."

"కొట్టు నాది."

"నీదే. కాదన్నానా? ఏం కుడతావు అందులో కూర్చుని?"

రోడ్డు మలుపులో ఒక కిటికీ, ఒక బల్ల ఉన్న చిన్న గది అది. పక్క గదిలో జిరాక్స్ మిషను పెట్టుకున్నతను మధ్య గోడ కొట్టేసి రెండో మిషను పెట్టాలని ఎప్పటినుంచో చూస్తున్నాడు. పిల్లి గుడ్డిదైతే ఎలుక ఎకసెక్కాలాడిందట. ఆమె కళ్లకు శుక్లం వచ్చిందని వీధిలో తెలిసిన మర్నాడే వచ్చి పరామర్శించింది అతనే.

కొట్టు పోతుందన్న బాధకన్నా పెద్ద భయం ఒకటి ఆమె గుండెల్లో ఉంది. పెళ్లికి ముందునుంచీ చేతిలో సూది ఉంది. అది లేని రోజు తను ఎవరో, పొద్దున లేచి ఏం చేయాలో ఆమెకు తెలియదు. నిన్న కుడుతున్నప్పుడే పోగులు సరిగ్గా కనిపించలేదు, రాత్రంతా అదే ఆలోచించి ఆమెకు నిద్ర పట్టలేదు.

కండక్టరు ఎడమ చేత్తో ఫోను తీశాడు. దాన్ని ముఖానికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని నంబరు వెతికాడు. కుడి చెయ్యి కోటులోనే వేలాడుతోంది.

"హలో, కంటి ఆసుపత్రేనా? రేపటి ఆపరేషను రద్దు చేయండి. అవును, రఫూ పని చేసే ఆవిడదే. ఎడమ కన్ను. వాయిదా కాదండీ, అసలు వద్దు. నేను ఆమె భర్తని."

"అత్తయ్యా, మీరొక్క మాట అనండి," అంది కోడలు.

ఆయన ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు విని సూదమ్మ కిటికీ వైపు తిరిగింది. గెలిచినవాడికి సంతోషం ఉండాలి కదా, కండక్టరు ముఖంలో అదీ లేదు.

"ముందు నన్ను ఇందులోంచి బయటపడెయ్," అన్నాడు నెమ్మదిగా. "మాస్టారి కోటు మాస్టారికి ఇచ్చేసి రావాలి."

సూదమ్మ చిన్న కత్తెర తీసుకుని లేచింది.

"కోటుని కొయ్. నన్ను కొయ్యకు."

"కదలకుండా ఉంటే ఏం కాదు."

ఆమె కోటు మోచేతి మీదికి వంగింది. ముక్కు బట్టకు తగిలేంత దగ్గరగా. నిన్నటి కుట్టు అక్కడే ఉంది, కాని ఒక్కో పోగు రెండుగా కనిపిస్తోంది. శుక్లం ఉన్న ఎడమ కన్ను మసకగా ఒకటి చెబుతోంది, కొత్త కుడి కన్ను అసలు ఒప్పుకోవడం లేదు. రెండు కళ్లూ పడని తోటికోడళ్లలా చెరో మాట అంటుంటే ఆమె ఏది నమ్మాలి? అయినా కత్తెర మొన ఆనించింది.

"అమ్మో," అని కండక్టరు వెనక్కి గెంతాడు. వీపు బీరువాకు కొట్టుకుంది. కోటు తొడిగిన చెయ్యి మాత్రం అడ్డంగా ముందుకు చాపి ఉంది.

సూదమ్మ తిట్టబోయి ఆగింది.

కుట్టు కనిపిస్తోంది. నీలం బట్టలో ఏటవాలుగా పోయే నేత, దాని మీద తను వేసిన వంకర పోగు, ఆ పోగు కింద లైనింగు మెరుపు, అన్నీ విడివిడిగా కనిపిస్తున్నాయి. ఆమె గభాలున దగ్గరికి వెళ్లింది. అంతా అలుక్కుపోయింది. వెనక్కి జరిగింది. మళ్లీ వచ్చింది.

"ఇటు రండి."

"కత్తెర కింద పెట్టు, వస్తాను."

"పెట్టాను. ఇటు రండి. ఇంకొంచెం. చాలు, చాలు, వెనక్కి."

"ఏంటే ఇది, బస్సు రివర్సు చేయిస్తున్నావా?"

"రానీ," అంది సూదమ్మ. "రానీ... రానీ... హోల్డాన్."

కండక్టరు హోల్డాన్ అనే మాటకు జన్మలో ఎదురు చెప్పలేదు. ఆగిపోయాడు.

కోడలు గుమ్మం దిగి వచ్చింది. అత్తగారి ముఖానికీ మామగారి చేతికీ మధ్య తన చెయ్యి పెట్టి చూసింది. మోచేయి అత్తగారి చెంప దగ్గర ఉంటే వేళ్ల కొసలు సరిగ్గా కోటును తాకాయి.

"మూరెడు," అంది. "అత్తయ్యా, మొదటిసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ మిమ్మల్ని అడిగింది, పని ఎంత దూరంలో పెట్టుకుని చేస్తారని. మీరు ఏం చెప్పారు?"

"మూరెడు దూరమని చెప్పాను. మా అమ్మ అలాగే నేర్పింది. బట్ట మూరెడు దూరంలో ఉంటే మెడ నిలబడుతుంది, పని నిలబడుతుంది అనేది."

"ఆవిడ ఆ దూరానికి సరిపోయే లెన్సే వేసింది. కాని నిన్న మీరు కుడుతుంటే నేను చూశాను. జానెడు కూడా లేదు."

"నేను అబద్ధం చెప్పానంటావా?"

"చెప్పావు," అన్నాడు కండక్టరు. "ముక్కుతో కుడుతున్నావేంటే అని నేను ఎన్నిసార్లు అన్నాను?"

అన్నాడు, నిజమే. ఎన్నాళ్ల నుంచో వేళాకోళంగా అంటూనే ఉన్నాడు. ఇంటి మొత్తానికి జబ్బు కనిపెట్టింది ఆయనే, కాని అది జబ్బని ఆయనకే తెలియదు. శుక్లం ముదిరే కొద్దీ ఆమెకు దూరం మసకబారింది, ముక్కు దగ్గర పెట్టుకున్నది మాత్రం ఎంతో కొంత కనిపించింది. ఏడాదికి ఇంతని బట్ట ముఖానికి దగ్గరవుతూ వచ్చింది. చేతులు ఎప్పుడో జానెడుకు వచ్చేశాయి, నోరు మాత్రం అమ్మ చెప్పిన మూరెడు దగ్గరే ఉండిపోయింది.

సూదమ్మ కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్లలో నీళ్లు వచ్చాయి.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, రాత్రంతా ఆ లెన్సుని తిట్టుకున్నానే. పాపం, అది నేను చెప్పిన చోటే నిలబడి నా కోసం చూస్తోంది."

"కొత్త కంటిని రుద్దకండి అత్తయ్యా," అంది కోడలు. ఆమెకూ ఏడుపు వస్తోంది, అది కనబడకుండా టిష్యూ తేవడానికి లోపలికి వెళ్లింది.

తప్పు కుట్టు విప్పడానికి ఎంతో సేపు పట్టలేదు. కండక్టరు చెయ్యి విడుదలైంది. ఆయన కోటు విప్పబోతే సూదమ్మ ఒప్పుకోలేదు.

"ఉండండి. నా చేతిలో ఉంటే మళ్లీ ముక్కు దగ్గరికి వచ్చేస్తుంది. మీ చేతికి ఉంటే రాదు. మోచెయ్యి వంచి ఆ కిటికీ మీద ఆనించండి."

"నేనేమన్నా దర్జీ షాపు బొమ్మనా?"

"బొమ్మ అయితే మాట్లాడదు. ఆ లోటొక్కటే మీలో."

ఎండ బట్ట మీద పడేలా ఆమె స్టూలు జరుపుకుంది. కోటు అంచు లోపలి మడత విప్పి పోగులు లాగింది. అలవాటైన మెడ తనంతట తను ముందుకు వంగబోతే కోడలు వెనకనుంచి భుజం పట్టుకుని ఆపింది. ముందు పడుగు పోగులు, నిలువుగా. తరువాత పేక, అడ్డంగా. రెండిటి కిందినుంచి, రెండిటి మీదుగా. తరువాతి వరస ఒక్క పోగు పక్కకు జరగాలి, లేకపోతే నేత ఏటవాలు తప్పుతుంది. నిన్న ఇదంతా వేళ్ల గుర్తు మీద చేసింది. ఇవాళ చూస్తూ చేస్తోంది.

"అబ్బా. గుచ్చుకుంది."

"అయితే సూది లైనింగు దాటింది. చెప్పి మంచి పని చేశారు." ఆమె పోగు వెనక్కి తీసి మళ్లీ వేసింది. "గుచ్చుకున్నప్పుడల్లా చెప్పండి."

"చెప్పక ఊరుకుంటానా?"

తరువాత ఆయన ఒక్కసారే అరిచాడు. ఆ పైన అరవాల్సిన అవసరం రాలేదు. ఆమె సూది పైబట్టలోనే పోయి పైబట్టలోనే తేలుతోంది. సూదమ్మకు చెప్పలేనంత సంతోషంగా ఉంది. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని మొదటి చిల్లు పూడ్చిన రోజు ఉన్నంత సంతోషం. మధ్యలో ఒకసారి తల ఎత్తితే వీధి అవతలి మేడ మీద ఎవరో ఆరవేసిన దుప్పటి చారలు కనిపించాయి. తల దించితే పోగు కనిపించింది. మధ్యలో కళ్లజోడు వెతుక్కోలేదు, పెట్టలేదు, తీయలేదు.

"దుప్పటి మీద చారలు ఆకుపచ్చవి," అంది ఎవరితోనో అన్నట్టు.

"నలుపు కాదూ?" అన్నాడు కండక్టరు.

ఆమె పనిలో ఉండి పట్టించుకోలేదు.

మధ్యాహ్నం బ్యాండు మాస్టారు తనే వచ్చాడు. కోటు అందుకుని మోచేతి దగ్గర చూశాడు. రెండో మోచేతి దగ్గర చూశాడు. కోటు తిరగేసి, వెలుతురుకు పట్టి, మళ్లీ మొదటి మోచేతికి వచ్చాడు.

"ఇది నా కోటేనా?"

"జేబులో మీ ఈల ఉంది చూసుకోండి," అంది సూదమ్మ.

"మరి చిరుగేదీ?"

రఫూ పనివాళ్లకు ఇంతకన్నా పెద్ద బహుమానం లేదు. ఆమె చేతులు కట్టుకుని కూర్చుంది. "ఎక్కడో నేను చెప్పను. మీరు కనిపెడితే డబ్బులివ్వక్కర్లేదు."

మాస్టారు తన వేళ్లతో తడిమాడు. కండక్టరు కూడా కోటును ముఖానికి ఆనించుకుని వెతికాడు. "పొద్దున్నుంచి నా చేతి మీదే కుట్టింది, నాకే దొరకడం లేదు," అన్నాడు. ఆ గొంతులో గర్వం దాచుకోవాలని కూడా ఆయన అనుకోలేదు. కూర్చున్నచోటినుంచే సూదమ్మకు ఆ చోటు తెలుస్తోంది. లోకంలో ఆ ఒక్క చోటు తెలిసిన మనిషి తనొక్కతే అని ఆమెకు భలే తృప్తిగా ఉంది.

మాస్టారు వెళ్తుంటే జిరాక్స్ అతను ఎదురొచ్చాడు. చేతిలో టేపు కూడా ఉంది, గోడ కొలుచుకోవడానికి.

"తాళంచెవి ఇస్తామన్నారని..."

"కొట్టు వచ్చే వారం తెరుస్తాను," అంది సూదమ్మ. "టేపు తెచ్చుకున్నావు కాబట్టి గోడ కొలుచుకో నాయనా. నీ వైపునుంచి."

అతను కండక్టరు వైపు చూశాడు. కండక్టరు పైకప్పు వైపు చూశాడు. టేపు టక్కున చుట్టుకుపోయింది.

అతను వెళ్లాక కోడలు అడిగింది. "వచ్చే వారం అన్నారు. ఈలోగా ఏం పని అత్తయ్యా?"

"రేపు రెండో కన్ను కదా," అనేసి, అంతలో గుర్తొచ్చి సూదమ్మ ఆగింది.

ముగ్గురూ ఫోను వైపు చూశారు. కండక్టరు లేచి చొక్కా తొడుక్కున్నాడు.

"ఎక్కడికి?"

"సీటు రద్దు చేసింది నేను. మళ్లీ అడగాల్సింది కూడా నేనే. ఫోన్లో అడిగితే కాదనడం తేలిక. ఎదురుగా నిలబడితే కష్టం. ముప్పయ్యేళ్లు అదే చూశాను."

ముగ్గురూ కలిసి వెళ్లారు. ఆసుపత్రి హాల్లో దీపాలు వేశారు. ఒక్కో దీపం చుట్టూ సన్నటి ఉంగరం ఉంది. సూదమ్మ వాటిని చూసి ఊరుకుంది. రేపో మాపో అలవాటవుతాయి, కాకపోతే అవి అక్కడ ఉంటాయి, ఆమె ఇక్కడ ఉంటుంది.

కౌంటర్లో అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేశామండీ."

"నిలబడి ప్రయాణం చేసినా సరేనమ్మా," అన్నాడు కండక్టరు. జీవితంలో ఆయన ఈ మాట వేరేవాళ్ల నోటే విన్నాడు. "తప్పు మా ఆవిడది కాదు. నా నోటిది."

ఆ గొంతుకు డాక్టరమ్మే గదిలోంచి బయటికి వచ్చింది. కోడలు జరిగిందంతా చెప్పింది. కోటు, బీరువా, మూరెడు, జానెడు. డాక్టరమ్మ నవ్వుతూ వింది గాని, చివరికి వచ్చేసరికి నవ్వడం మానేసింది.

"ఒక మాట స్పష్టంగా చెప్పాలి. రెండో కంటికి కూడా ఇదే లెన్సు వేస్తే జానెడు దూరం పూర్తిగా పోతుంది. నల్ల బట్ట మీద నల్ల దారంతో, వెలుతురు తక్కువున్న చోట, ఇబ్బందిగా ఉండొచ్చు. కావాలంటే ఆ కంటికి దగ్గరకు మాత్రమే పనికొచ్చే లెన్సు వేస్తాను. ఒకసారి వేశాక మార్చడం మాటలు కాదు. ఏం చేద్దాం?"

కండక్టరు నోరు తెరిచాడు. అంతలోనే మూసుకుని భార్య వైపు తిరిగాడు.

"నీ కన్ను. నువ్వే చెప్పు."

ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట ఆమె వినలేదు.

"నల్ల మీద నల్ల పగలు కుడతాను డాక్టరమ్మా. ఎండలో కూర్చుని. నాకు రెండు కళ్లూ ఒకే మాట మీద ఉండాలి. అదే లెన్సు వేయండి."

"అయితే రేపు పొద్దున అందరికన్నా ముందు రండి. నేను ఒక గంట ముందే వస్తాను." డాక్టరమ్మ చీటీ మీద రాసి కండక్టరు చేతికిచ్చింది. "టైం చూసుకోండి."

కండక్టరు చీటీని ముక్కుకు ఆనించుకున్నాడు. తిప్పాడు. దీపం కిందికి జరిగాడు.

"ఎన్నాళ్లనుంచి ఇలా చదువుతున్నారు?" అంది డాక్టరమ్మ.

"ఎలా?"

సూదమ్మ ఒక అడుగు ముందుకు వేసి భర్తకు సరిగ్గా మూరెడు దూరంలో నిలబడింది. ఏళ్ల తరబడి మసకలో చూసిన ముఖం. కనుబొమల్లో ఎప్పుడు వచ్చాయో తెలియని తెల్ల వెంట్రుకలు, పొద్దున సరిగ్గా గీసుకోని గడ్డం. ఆ ముఖం నిండా ఉన్నది కోపం కాదు, మొండితనమూ కాదు. భయం. తన కంటి ఆపరేషను మీద ఇన్నాళ్లూ ఆయన ఎందుకు విరుచుకుపడ్డాడో ఆమెకు ఒక్కసారిగా అర్థమైంది.

"మీకూ శుక్లం వచ్చిందని మీకు తెలుసు. మీ వంతు వస్తుందనే నాది ఆపారు," అంది మెల్లగా.

ఆయన చీటీ ఉన్న చేతిని వెనక్కి దాచుకున్నాడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకా అనుకున్నాను. మీరూ కందేనన్నమాట." సూదమ్మ ఆయన చేతిలోంచి చీటీ తీసుకుని, చెయ్యి చాపి పట్టుకుని, గడగడా చదివేసింది. అది డాక్టరమ్మకు తిరిగి ఇచ్చేస్తూ అంది. "ఈయనకి కూడా ఒక టికెట్టు ఇవ్వండి డాక్టరమ్మా. సీటు కిటికీ పక్కనే కావాలి."

కండక్టరు అడుగు వెనక్కి వేసి తలుపు వైపు చూశాడు. తలుపుకు అడ్డంగా కోడలు నిలబడి ఉంది.